హోదాల వారీ ప్రార్థన

మొగలిదిబ్బ గుడిలోని ప్రార్థనల పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ అట్టలా దళసరిగా ఉండేది. దేశాన్ని ఏలేవారి కోసం చేసే ప్రార్థన ఆ పేజీలోనే ఉంది. పుస్తకం అచ్చయిన రోజుల్లో అక్కడ విక్టోరియా రాణి పేరుండేది. ఆవిడ పోయాక ఆ పేరు మీద ఎడ్వర్డు రాజు పేరు రాసిన చీటీ అతికించారు. దాని మీద జార్జి రాజు చీటీ. ఆ పైన ఇంకో ఎడ్వర్డు చీటీని జనవరిలో అతికించి డిసెంబరులో పీకేయాల్సి వచ్చింది. పీకినచోట కాగితం చిరిగింది గనుక ఆఖరి జార్జి గారి చీటీని కాస్త పెద్దదిగా కత్తిరించి అతికించారు. దొరలు గుడి కట్టించిన నాటి నుంచి ఏ ఆదివారమూ ఆ పేజీ చదవకుండా ఆరాధన ముగిసింది లేదు. ముందు రాజు, తర్వాత వాన, ఆ తర్వాత జబ్బు మనుషులు. అదీ వరస.

నలభై ఏడు ఆగస్టు పదిహేను, శుక్రవారం నాడు తాలూకా కచేరీ మీద జెండా మారింది. మర్నాడు సాయంత్రం పాస్టరు కట్టా జకర్యా గారు జిగురు గిన్నె పక్కన పెట్టుకుని, ముప్పై ఒకటో పేజీ తెరుచుకుని కూర్చున్నారు. ఎంతసేపటికీ కత్తెర చేతిలోకి తీసుకోలేదు.

"ఏం చీటీ అతికించాలో తెలియలేదా?" అంది ఆయన భార్య సలోమి గారు.

"రాజు పేరు చదివితే కొత్త ప్రభుత్వం వారికి కోపం రావచ్చు. చదవకుండా ఉందామంటే రాజుగారు ఇంకా పూర్తిగా దిగిపోలేదని పేపర్లో రాశారు. బిషప్పు గారిని అడుగుదామంటే ఈ నెలంతా మద్రాసు సభల్లో ఉన్నారు."

"మమ్మల్ని ఏలేవాళ్లందరికీ బుద్ధి దయచెయ్యి తండ్రీ అనండి. ఎవరు ఏలినా బుద్ధి అవసరమే కదా."

జకర్యా గారు మర్నాడు అలాగే అన్నారు. ఎవరికీ ఏ అభ్యంతరమూ కనబడలేదు. గుడి చుట్టూ ఉన్న పాలెంలో కూలిపని చేసుకు బతికే జనానికి తమను ఏలేవాళ్లు ఎవరన్నది ఎప్పుడూ స్పష్టంగా తెలిసింది కాదు. అక్కడితో కథ ముగిసిపోవాల్సింది. కానీ జకర్యా గారు చట్టానికి భయపడే మనిషి. సోమవారం పొద్దున్నే కూర్చుని, "ఇకపై పాలకుల కొరకైన ప్రార్థనలో ఎవరి పేరు చదవవలెనో తెలియజేయ ప్రార్థన" అంటూ తహసిల్దారు గారికి ఒక ఉత్తరం రాశారు.

"అడిగితే ఏదో ఒకటి చెబుతారు. చెప్పాక చెయ్యాలి. ఎందుకొచ్చిన గొడవండీ?" అంది సలోమి గారు.

"అడగడం మన ధర్మం," అన్నారు జకర్యా గారు.

పదిరోజులకు జవాబు వచ్చింది. "తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము పాలకుల ప్రార్థన నిలుపుదల చేయవలెను. ఈలోగా యథాతథ స్థితి కొనసాగించవలెను." జకర్యా గారు దాన్ని మూడుసార్లు చదివి, గొడుగు తీసుకుని కచేరీకి వెళ్లారు.

హెడ్ గుమాస్తా మార్కండేయులు గారు ముప్పై ఏళ్లుగా ఆ కచేరీలో ఉన్న మనిషి. కాగితం చూడకుండానే అర్థం చెప్పాడు.

"చెయ్యకూడదు, మానకూడదు. అంతేనండి. ఇందులో కష్టమేముంది? మేము ఇక్కడ రోజూ చేసేది అదేగా."

లోపలి గదిలో తహసిల్దారు గారు పాస్టరు గారికి దర్శనమిచ్చారు. కొత్తగా చార్జి తీసుకున్న మనిషి. పొట్టివాడు కావడంతో కుర్చీలో రెండు పాత గెజెట్లు వేసుకుని వాటి మీద కూర్చునేవాడు.

"పాస్టరు గారూ, తమరు మొన్న గుడిలో 'ఏలేవాళ్లందరూ' అన్నట్టు సమాచారం. ఆ 'అందరూ'లో ఎవరెవరు చేరతారు?"

"అందరూనండి."

"పరిపాలనా దృష్టితో చూస్తే 'అందరూ' అంటే ఎవరూ కాదు. రేపు పైవాళ్లు నన్నడుగుతారు, మీ తాలూకాలో దేవుడికి ఎవరి గురించి నివేదిస్తున్నారయ్యా అని. నేనేం చెప్పను? అందరి గురించీ అనా?"

"అంతకుముందు రాజుగారొక్కరే ఉండేవారండి," అన్నారు జకర్యా గారు నసుగుతూ.

"అదే కదా వచ్చిన చిక్కు. అప్పుడు ఒక్కడు. ఇప్పుడు ప్రజాప్రభుత్వం. అధికారం వికేంద్రీకరణ చెందింది. ప్రార్థన కూడా చెందాలి."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "'అందరూ' అను పదము అస్పష్టము. ఇకమీదట గుడిలో చదువు ఏ ప్రార్థనయందును ఆ పదము వాడరాదు. ఎవరెవరు ఆ మాట కిందకు వత్తురో వారిని హోదాల వారీగా, పై నుంచి కిందకు, మినహాయింపు లేకుండా పేర్కొనవలెను. అమలు విషయమై ప్రతి ఆదివారమూ హెడ్ గుమాస్తా హాజరై డైరీ రాసి, సోమవారం తపాలులో కలెక్టరాఫీసుకు పంపవలెను." దానికి జతగా పదకొండుమంది జాబితా. కలెక్టరు గారితో మొదలై, బంట్రోతుల పెద్దయిన కచేరీ డఫేదారుతో ముగుస్తుంది.

మొదటి రెండు ఆదివారాలు బాగానే నడిచింది. మూడో వారం డిప్యూటీ కలెక్టరు గారికి శనివారం నాడు బదిలీ అయింది. సంగతి తెలియక జకర్యా గారు పాత ఆయన పేరే చదివారు. సోమవారం పిలుపు వచ్చింది.

"కొత్తవారికి అందాల్సిన ఆశీర్వాదం పాతవారి వెంట పై తాలూకాకి పోయింది," అన్నాడు తహసిల్దారు గారు గంభీరంగా. "దాన్ని వెనక్కి తెప్పించే మార్గమేదైనా ఉందా?"

"నాకు తెలిసి లేదండి."

"అయితే ఇకమీదట పేర్లు వద్దు. మనుషులు మారతారు, హోదాలు మారవు. ఆ రోజు చార్జిలో ఎవరున్నారో దేవుడు విచారించుకుంటాడు."

"సెలవులో ఉన్నవారి సంగతేమిటండి?" అని అడిగాడు మార్కండేయులు, డైరీ తెరిచి పట్టుకుని.

తహసిల్దారు గారు అక్కడికక్కడే తేల్చేశాడు. "సెలవులో ఉన్నవారికి సగం ప్రార్థన. ఇన్‌చార్జికి మిగతా సగం."

అక్టోబరులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు ప్రమోషన్ వచ్చింది. పదహారేళ్లుగా రాని ప్రమోషన్ అది. ఆయన ఎక్కడా ఏమీ అనలేదు గానీ, ఆయన భార్య చెరువుగట్టు మీద నలుగురితో అనేసింది. "ప్రతి ఆదివారం మావారి హోదా గుళ్లో చదువుతున్నారు మరి!"

ఇక ఆ మర్నాటి నుంచి కచేరీలో అర్జీలే అర్జీలు. కల్లుపాకల మీద పెత్తనం చేసే ఎక్సైజు సబిన్‌స్పెక్టరు తన హోదా జాబితాలో లేదని రాశాడు. కాలవల సూపర్‌వైజరు తన హోదా ఉంది గానీ కొత్తగా చేరిన ఎక్సైజు కింద పడిందనీ, నీళ్లు కల్లు కన్నా ముందు పుట్టాయనీ రాశాడు. పశువుల డాక్టరు, మనుషుల డాక్టరుకు పైన తనను చేర్చాలని, తన రోగులు లెక్కకు ఎక్కువని రాశాడు. సబ్ పోస్టుమాస్టరు నేరుగా పాస్టరు గారింటికే వచ్చి, "నాది పేరుకే సబ్బండీ," అని బతిమాలాడు.

డిసెంబరు నాటికి జాబితా నలభై మూడు హోదాలకు చేరింది. మార్కండేయులు గడియారం ప్రకారం అది చదవడానికి యాభై రెండు నిమిషాలు పట్టేది. సగం ప్రార్థనలు కలిస్తే గంట.

అధికారులు తమ హోదా సరిగ్గా చదువుతున్నారో లేదో చూసుకోవడానికి గుడికి రావడం మొదలుపెట్టారు. తహసిల్దారు గారు "పర్యవేక్షణ నిమిత్తం" అని వచ్చారు. తక్కినవాళ్లు తహసిల్దారు గారు వచ్చారు గనుక వచ్చారు. వాళ్లు కిందనున్న చాపల మీద కూర్చోలేరు గనుక హైస్కూలు నుంచి కుర్చీలు తెచ్చి వేశారు. కుర్చీలకు చోటు కావాలి గనుక చాపలు చుట్టేశారు. చాపలు లేవు గనుక పాలెం జనం వరండాలోకీ, వరండా చాలక వేపచెట్టు కిందకీ వెళ్లారు. ఆడవాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని వినేవారు. లోపల ముప్పైమందికి పైగా పెద్దమనుషులు, వాళ్లలో ఒక్కడూ క్రైస్తవుడు కాడు. అందరూ కళ్లు మూసుకుని తమ హోదా కోసం చెవులు రిక్కించి ఉండేవారు. హోదా రాగానే కళ్లు తెరిచి, పక్కవాడి వైపు ఒకసారి చూసి, మళ్లీ మూసుకునేవారు.

జాబితా అయ్యేసరికి పొద్దెక్కేది. కోతల రోజులు. కూలికి పోవాల్సినవాళ్లు పోయేవారు. వాన కోసం, జబ్బు మనుషుల కోసం చేసే ప్రార్థన "వచ్చే వారం చూద్దాం" అని వాయిదా పడేది.

పాలెంలో చలిజ్వరాలు మొదలయ్యాయి. రాహేలమ్మ మొగుడు బర్నబాసు మంచం పట్టి మూడు వారాలైంది. మూడు ఆదివారాలూ ఆమె కిటికీ దగ్గర నిలబడింది. నాలుగో వారం ఆరాధన కాగానే పాస్టరు గారి దారికి అడ్డం వచ్చింది.

"అయ్యగారండీ, మా ఇంటాయన పేరు ఎప్పుడొచ్చిద్దండీ?"

జకర్యా గారు తడబడ్డారు. "హెల్తు ఇన్‌స్పెక్టరు గారి తర్వాత... అంటే... టయిము మిగిలితే..."

వెనకే ఉన్న మార్కండేయులు సాయం చేయబోయాడు. "ప్రైవేటు వ్యక్తుల పేర్లు చదవడానికి ఉత్తర్వులో ఏర్పాటు లేదమ్మా. అర్జీ పెట్టుకో. జబ్బు నిజమని మునసబు రాయాలి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారించాలి, తహసిల్దారు గారు మంజూరు చెయ్యాలి. త్రూ ప్రాపర్ ఛానెల్ వస్తే ఎవరూ కాదనరు."

రాహేలమ్మ చదువుకోలేదు. అయినా మాట అర్థం చేసుకుంది. నిజంగానే అర్జీ పెట్టింది. మునసబు దగ్గరకు రెండుసార్లు తిరిగింది. ఆయన బర్నబాసును కచేరీకి తీసుకొచ్చి చూపించమన్నాడు.

"లేవగలిగితే పార్దన ఎందుకయ్యా?" అని అడిగింది ఆమె.

"అది నన్నడక్కు. కాగితంలో 'స్వయంగా చూసితిని' అని ఉంది," అన్నాడు మునసబు.

తర్వాతి ఆదివారం జకర్యా గారు ఇరవై ఆరో హోదా చదువుతూ ఊరికే తలెత్తారు. కిటికీ ఊచల మధ్య రాహేలమ్మ ముఖం కనిపించింది. కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. లోపల పాస్టరు ఎక్సైజు కోసం ప్రార్థిస్తుంటే, బయట ఆమె తన ప్రార్థన తానే చేసుకుంటోంది. ఆయన చదువుతున్న వరస మరిచారు. ఇరవై ఏడో హోదా తప్పిపోయింది. ఇరవై ఏడో హోదా అటవీ శాఖ రేంజరుది. ఆయన చటుక్కున కళ్లు తెరిచాడు. మార్కండేయులు డైరీలో రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం జకర్యా గారు అన్నం ముట్టలేదు. "నేను గుడికి పాస్టరునా, కచేరీకి గుమాస్తానా?" అన్నారు భార్యతో.

"ఉత్తర్వు ధిక్కరిస్తారా?" అంది సలోమి గారు. ఆమె గొంతులో భయమూ ఉంది, ఆశా ఉంది.

జకర్యా గారు ఉత్తర్వు కాగితం తీసి మళ్లీ చదివారు. ధిక్కరించడం ఆయన స్వభావంలో లేదు. కానీ రెండోసారి చదివేటప్పుడు ఒకచోట ఆయన వేలు ఆగింది. "ఏ ప్రార్థనయందును" అని ఉంది. పాలకుల ప్రార్థనలోనే అని లేదు. ఏ ప్రార్థనలోనైనా 'అందరూ' అనకూడదు, విడమరిచి చెప్పాలి. ఆరాధన మొదట్లోనే ఒక ప్రార్థన ఉంది. వారమంతా చేసిన తప్పులు ఒప్పుకుని క్షమాపణ అడిగే ప్రార్థన. "మేమందరము పాపులము" అని మొదలవుతుంది.

"ధిక్కరించను," అన్నారాయన. "ఇన్నాళ్లూ సగమే అమలు చేశాను. ఇకనుంచి పూర్తిగా అమలు చేస్తాను."

ఆదివారం వచ్చింది. కుర్చీలు నిండాయి. జకర్యా గారు మెట్టెక్కి, పుస్తకం తెరవకుండానే, "ముందుగా పాలెంలో జ్వరంతో ఉన్న బర్నబాసు కోసం," అన్నారు. కిటికీ అవతల కలకలం రేగింది. బర్నబాసు తర్వాత ఇంకో తొమ్మిదిమంది పేర్లు చెప్పి, ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క మాట ప్రార్థించారు. కుర్చీల్లోంచి దగ్గులు వినబడ్డాయి.

"ఇప్పుడు పాపపు ఒప్పుకోలు," అన్నారు జకర్యా గారు. "'మేమందరము' అని చదవరాదని ప్రభుత్వ ఉత్తర్వు. కాబట్టి గుడిలో కూర్చున్న వారిని హోదాల వారీగా, పై నుంచి కిందకు, మినహాయింపు లేకుండా పేర్కొంటున్నాను."

ఇరవై ఏళ్లుగా పాలెం వాళ్ల అర్జీలన్నీ రాసిపెట్టింది ఆయనే. ఏ అర్జీ ఏ బీరువాలో పడుకుని ఉందో ఆయనకు తెలిసినంతగా మార్కండేయులుకు కూడా తెలియదు. అధికారుల ఇళ్లలో పనిచేసే పాలెం ఆడవాళ్ల నోట మిగతా సంగతులూ ఆయన చెవిన పడేవి.

"తహసిల్దారు హోదా. ఇళ్లస్థలాల అర్జీలు నూట పద్నాలుగు, ఎడమచేతి వైపు బీరువాలో, విప్పకుండా ఉంచిన పాపము నిమిత్తం."

"క్షమించు ప్రభువా!" అన్నారు బయటి జనం. ఆ గుడి కట్టాక అంత గట్టిగా ఎవరూ ఆ మాట అనలేదు.

"కాలవల సూపర్‌వైజరు హోదా. కాగితం మీద రెండుసార్లు బాగుచేసిన పాలెం కాలవను భూమి మీద ఒక్కసారైనా బాగుచేయని పాపము నిమిత్తం."

"క్షమించు ప్రభువా!"

"హెల్తు ఇన్‌స్పెక్టరు హోదా. పాలెం జ్వరాలకని వచ్చిన క్వినైను మూడు నెలలుగా ఇంటి అటక మీద దాచిన పాపము నిమిత్తం."

ఈసారి జనం వెంటనే పలకలేదు. కిటికీ దగ్గర ఒక్క గొంతు, రాహేలమ్మది, చిన్నగా వినిపించింది. "క్షమించు ప్రభువా." తర్వాత తక్కినవాళ్లు అందుకున్నారు.

కుర్చీల్లో ఉన్నవాళ్ల పరిస్థితి చెప్పనలవి కాదు. లేచి వెళితే తప్పు ఒప్పుకున్నట్టు. కూర్చుంటే తప్పు విన్నట్టు. తన హోదా రాకముందే వెళ్లిపోదామని లేచిన సబ్ పోస్టుమాస్టరు, అందరూ తనవైపే చూడటంతో కుర్చీ సర్దుకున్నట్టు నటించి మళ్లీ కూర్చున్నాడు. తమ హోదా పైన ఉండాలని నెలల తరబడి అర్జీలు పెట్టినవాళ్లు, తమది ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలని మొదటిసారిగా కోరుకున్నారు.

పదిహేడో హోదా దగ్గర తహసిల్దారు గారు లేచి నిలబడ్డాడు. "పాస్టరు గారూ, ఇది... ఇది ఉత్తర్వు పరిధిలోకి రాదు!"

"'ఏ ప్రార్థనయందును' అని తమరే రాశారండి," అన్నారు జకర్యా గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. అందుకే అధికారులకు మరీ భయం వేసింది.

అప్పుడు వినిపించింది అందరికీ, గరగరమని కలం చప్పుడు. ముందు వరసలో మార్కండేయులు తలవంచుకుని డైరీ రాస్తున్నాడు. అలవాటు ప్రకారం, హోదా ప్రకారం, పాపం ప్రకారం.

"ఏం రాస్తున్నావయ్యా?" అన్నాడు తహసిల్దారు గారు నీరసంగా.

"అమలు డైరీ అండి. రేపటి తపాలులో వెళ్లాలి కదా."

"ఆపు!"

"లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే ఆపుతానండి," అన్నాడు మార్కండేయులు ఎంతో వినయంగా. ఎందుకు ఆపమన్నారో కూడా ఆ ఉత్తర్వులో రాయాల్సి ఉంటుంది. తహసిల్దారు గారు కూర్చున్నాడు.

డైరీ సోమవారం తపాలులో వెళ్లింది. క్వినైను మంగళవారం పొద్దున్నే పాలెం చేరింది. హెల్తు ఇన్‌స్పెక్టరు స్వయంగా, ఎర్రటి ముఖంతో, ఇంటింటికీ పంచాడు. పదిరోజుల్లో బర్నబాసు మంచం మీద లేచి కూర్చుని, గంజి చప్పగా ఉందని పెళ్లాన్ని కసురుకున్నాడు. రాహేలమ్మ ఆ కసురును పాలెమంతా తిరిగి చెప్పుకుంది. కాలవ దగ్గర పారలు కనిపించాయి. ఎడమచేతి బీరువా తాళం చెవి దొరికింది.

క్వినైను చేరిన మర్నాడే, బుధవారం నాడు, పాస్టరు గారికి కొత్త ఉత్తర్వు అందింది. "ఈ తాలూకాలో చార్జిలో ఉన్న ఏ ప్రభుత్వ హోదాదారుని గురించియు, ఏ ప్రార్థనయందును, మంచికి గాని చెడ్డకు గాని, ప్రస్తావించరాదు. దేవునికి నివేదించు అధికారము ఇందుమూలముగా ఉపసంహరించడమైనది." కుర్చీలు హైస్కూలుకు వెళ్లిపోయాయి. చాపలు మళ్లీ పరిచారు.

జనవరి చివర్లో తహసిల్దారు గారికి బదిలీ వచ్చింది. చాలా దూరం. రెండు రోజులు కాలవ పడవ మీద ప్రయాణం.

వెళ్లే ముందురోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే నడుచుకుంటూ పాస్టరు గారింటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"పొద్దున పదిన్నరకు చార్జి ఇచ్చేశాను," అన్నాడు. "కొత్తచోట ఇంకా తీసుకోలేదు. ఈ మధ్యన నాకు ఏ హోదా లేదు. అందుచేత ఆ నిషేధం నాకు వర్తించదు. గమనించారా?"

"గమనించానండి. లోపలికి రండి."

ఆయన గడప దాటి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. "మా ఆవిడకు నెలలు నిండాయి. ఇదివరకు రెండు కాన్పులు... దక్కలేదు. పడవలో రెండు రోజులు. సెలవు అడిగాను పాస్టరు గారూ. త్రూ ప్రాపర్ ఛానెల్ వెళ్లింది. బిడ్డ పుట్టి, నడక నేర్చుకున్నాక జవాబు వస్తుంది."

ఐదు నెలల్లో ఆ మనిషి నోట జకర్యా గారు ఉత్తర్వు లేని మాట వినడం అదే మొదలు.

"ఆవిడ పేరేమిటండి?"

"కామేశ్వరి."

జకర్యా గారు నేల మీద మోకరించారు. తహసిల్దారు గారు, ఇప్పుడు వట్టి ఉమాపతి, ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "కామేశ్వరమ్మను, కడుపులో బిడ్డను క్షేమంగా గట్టుకు చేర్చు తండ్రీ," అన్నారు జకర్యా గారు. అంతే.

"అయిపోయిందా?" అన్నాడు ఉమాపతి ఆశ్చర్యంగా. "అర నిమిషం కూడా పట్టలేదే!"

"ఆయనకు చెప్పాల్సింది అంతేనండి."

లోపల పెట్టె చప్పుడైంది. సలోమి గారు రెండు చీరలు, ఒక కత్తెర, ఉతికిన పాతగుడ్డలు మూటగట్టుకుని వచ్చింది. పాలెంలో ఇరవై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్న చేతులు ఆవిడవి.

"పడవ ఎన్ని గంటలకండీ?" అంది.

ఉమాపతికి తెలిసిన ఏ ఉత్తర్వులోనూ ఈ పరిస్థితికి జవాబు లేదు. "తెల్లారి ఆరింటికి," అని మాత్రం అన్నాడు.

పదకొండో రోజున జకర్యా గారికి ఒక కార్డు వచ్చింది. గుండ్రటి కచేరీ అక్షరాలు. "విషయము: ప్రసవము. ఆడపిల్ల. తల్లియు బిడ్డయు క్షేమము. తమ సతీమణి గారు వచ్చే పడవకు బయలుదేరుదురు. తమ సమాచారార్థము, తగు చర్య నిమిత్తము."

జకర్యా గారు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నగా నవ్వుకున్నారు. ఆ ఆదివారం చాపల మీద కూర్చున్న జనం ముందు, కళ్లు మూసుకుని, ఆయన తగు చర్య తీసుకున్నారు.